క్షణికావేశానికి నాలుగు గంటలు

“అక్కా, ఒక గంట లేపేస్తే మంచి సినిమా.”

మొన్నటి వేసవి సెలవుల్లో మా ఇంట్లో అందరం కూర్చుని ఓ నాలుగు గంటల సినిమా చూశాక మా తమ్ముడు అన్న మొదటి మాట ఇది. వాడి మాటని నేను తేలిగ్గా తీసుకోను. వాడికి సినిమా అంటే ప్రాణం. ఏ సినిమాకైనా మొదటి రోజే వెళ్తాడు. ఫస్టాఫ్ ఎంతసేపు, సెకండాఫ్‌లో ల్యాగ్ ఎక్కడ, ఏ పాట తీసేస్తే బాగుండేది, అన్నీ హాల్లోంచి బండి బయటికి తీసేలోపు చెప్పేస్తాడు. చాలాసార్లు వాడన్న చోటే, వారం తిరక్కుండానే, కత్తెర పడుతుంది కూడా. అందుకే అడిగాను, ఏ గంట తీసెయ్యాలిరా అని. వేళ్ళు మడిచి మరీ చెప్పాడు. అప్పట్నించీ ఆ గంట గురించే ఆలోచిస్తున్నాను.

సినిమా పేరు ఇంగ్లీషులో ‘ఎ బ్రైటర్ సమ్మర్ డే’. 1991లో వచ్చిన తైవాన్ సినిమా. నిడివి 237 నిమిషాలు. దర్శకుడు ఎడ్వర్డ్ యాంగ్. చైనీస్ పేరు వేరే ఉంది. ‘గులింగ్ వీధి కుర్రాడి హత్య కేసు’ అని చెప్పుకోవచ్చు దాన్ని. అంటే చివర్లో ఏం జరుగుతుందో పేరులోనే చెప్పేశారు. తైపే నగరంలో ఆ గులింగ్ వీధి ఆ రోజుల్లో పాత పుస్తకాల దుకాణాలకు పేరు, మన ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ లాగా. 1961 జూన్ 15న ఆ వీధిలో ఒక స్కూలు కుర్రాడు తనకు తెలిసిన అమ్మాయిని పొడిచి చంపాడు. అది నిజంగా జరిగిన సంగతి. అప్పటికి యాంగ్‌కి 13 ఏళ్ళు, అదే ఊళ్ళో చదువుకుంటున్నాడు. తర్వాత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చేశాడు, అమెరికా వెళ్ళి మాస్టర్స్ చేశాడు, సియాటిల్‌లో కంప్యూటర్ల ఉద్యోగం చేశాడు. మన ఇళ్ళలో ఎంతోమంది నడిచిన దారే. అది వదిలేసి తైవాన్ వచ్చి సినిమాలు తీశాడు. ఆ వీధిలో జరిగినదాన్ని ముప్ఫై ఏళ్ళు మనసులో పెట్టుకుని, ఇంత సినిమాగా తీశాడు.

కథలో కుర్రాడు ఇంట్లో ఐదుగురు పిల్లల్లో నాలుగోవాడు. వాణ్ణి పిలిచే పేరుకి అర్థం కూడా అదే, ‘చిన్న నాలుగోవాడు’. మనం చిన్నోడా, నడిపోడా అన్నట్టు. నేనూ వాణ్ణి ఇక్కడ నాలుగోవాడనే అంటాను.

ఆ ఆదివారం టిఫిన్లయ్యాక పదింటికి మొదలుపెట్టాం. తమ్ముడు, మరదలు, ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే మేనకోడలు, ఇంటర్ చదివే మేనల్లుడు, నేను. మూలన పడక్కుర్చీలో పేపరుతో నాన్న. నాన్నకి ఎనభై దాటాయి. మార్చిలో తప్పితే సెప్టెంబరుకి కట్టుకునే రోజుల మనిషి. మధ్యలో భోజనాలకి ఆపాం. అయిపోయేసరికి మూడు దాటింది.

ఇరవై నిమిషాలకి మేనల్లుడు అడిగాడు, “బీజీఎం లేదేంటత్తా?” ఇంకో పావుగంటకి, “వన్ పాయింట్ ఫైవ్‌లో పెడదామా?” మరదలి బాధ వేరు. “అందరికీ ఒకటే ఖాకీ బట్టలు, ఒకటే పొట్టి క్రాఫు. ఎవరు ఎవరో నాకు తెలియట్లేదు వదినా.” తమ్ముడు రెండుసార్లు లేచి వెళ్ళి ఫోన్లు మాట్లాడి వచ్చాడు. నాన్న పేపరు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయారు. మేనకోడలు మాత్రం ఏమీ అనలేదు. కాళ్ళు ముడుచుకుని సోఫా చివర కూర్చుని అలాగే చూస్తోంది.

వీటిలో ఒక్కటి కూడా కొట్టిపారేసే మాట కాదు. ఇలాంటి సినిమాలు ఇష్టపడేవాళ్ళం వీటికి ఎప్పుడూ ఒకటే జవాబు చెప్తుంటాం, “దీనికి ఓపిక కావాలి” అని. ఆ జవాబు తప్పని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది. తప్పే కాదు, అవమానం కూడా. విన్నవాడికి ‘నీకు ఓపిక లేదు, నువ్వు చిన్నవాడివి’ అనే వినిపిస్తుంది. నేనూ ఆ రోజు అందర్నీ పిలిచేటప్పుడు ‘ప్రపంచంలో గొప్ప సినిమాల్లో ఒకటి’ అని చెప్పి కూర్చోబెట్టాను. 2022లో ఒక బ్రిటిష్ సినిమా పత్రిక విమర్శకులతో ఓట్లు వేయించి చేసిన వంద గొప్ప సినిమాల జాబితాలో ఇదీ ఉంది మరి. అలా పిలవకుండా ఉండాల్సింది. గొప్ప అని ముందే చెప్తే చూసేవాడు సినిమా చూడడు, పరీక్ష రాస్తాడు.

అసలు తెలుగువాడికి ఓపిక లేదంటే నేను ఒప్పుకోను. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’ నాలుగు గంటలకు కాస్త తక్కువ. జనం మళ్ళీ మళ్ళీ చూశారు. కర్ణుడు చచ్చిపోతాడని తెలియక చూశారా? అంతకు ముందు ఊళ్ళలో హరిశ్చంద్ర నాటకం రాత్రంతా ఆడేది. పద్యానికి వన్స్‌మోర్ కొడితే ఇంకా సాగేది. కాటి సీను వచ్చేసరికి తెల్లారబోతుండేది. మధ్యలో పిల్లలు చాప మీద నిద్రపోయేవాళ్ళు, పెద్దవాళ్ళు వెళ్ళి టీ తాగి వచ్చేవాళ్ళు. సరిగ్గా కాటి సీనుకి ఎవరో ఒకరు పిల్లల్ని తట్టి లేపేవాళ్ళు. నిద్రపోవడం నాటకానికి అవమానమని ఎవరూ అనుకోలేదు. పొడవు మనకి కొత్త కాదు, తెలిసిన ముగింపు కోసం రాత్రంతా కూర్చోవడమూ కొత్త కాదు.

మరి తేడా ఎక్కడుంది? కర్ణుడు, హరిశ్చంద్రుడు మనకి తెలిసినవాళ్ళు. మనం ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ మన ఇంట్లో మసిలినవాళ్ళు. ఈ తైపే పిల్లలు ఎవరో మనకి తెలియదు. వందకి పైగా మాట్లాడే పాత్రలున్నాయి ఈ సినిమాలో. మొదటి గంట ఎలా ఉంటుందంటే, దూరపు చుట్టాల పెళ్ళికి ఒంటరిగా వెళ్ళి, విడిదింట్లో ఓ మూల కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. ఆ ఎర్రచీర ఆవిడ ఎవరి తోడికోడలో, ఆ అరుస్తున్న పెద్దాయన అలక దేనికో, ఆ కుర్రాడు ఇందాకటివాడో వాడి తమ్ముడో, ఏదీ తెలియదు. ఎవరూ వచ్చి పరిచయం చెయ్యరు. లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. భోజనాల వేళకి ఒక్కొక్కళ్ళూ తెలుస్తారు. అప్పగింతల వేళకి, నీకేమీ కాని పెళ్ళికూతురు ఏడుస్తుంటే నీ కళ్ళు తడుస్తాయి.

మా మరదలికి సరిగ్గా ఇదే జరిగింది. భోజనాల దగ్గర పప్పు వడ్డిస్తూ, “ఆ పాటలు పాడే బుడ్డోడు బాగున్నాడు వదినా, వాడికేం కాదు కదా?” అంది. ఎల్విస్ ప్రెస్లీ పాటలు పాడే పిల్లాడు వాడు. గొంతు ఇంకా మారలేదు, ఆడపిల్ల గొంతులా ఉంటుంది. నాలుగోవాడి అక్క రికార్డు మళ్ళీ మళ్ళీ వేసి, ఇంగ్లీషు పాట మాటలు విని కాగితం మీద రాసిస్తే వాడు బట్టీ పట్టి పాడతాడు. ఆ విని రాయడంలో ఒక మాట మారిపోయింది. సినిమా ఇంగ్లీషు పేరు ఆ మారిపోయిన మాటే. రేడియో పక్కన నోటుబుక్కు పెట్టుకుని పాటలు రాసుకున్న మా తరానికి ఇది ఎవరూ వివరించక్కర్లేదు. పొద్దున ఎవరు ఎవరో తెలియట్లేదన్న మరదలు మధ్యాహ్నానికి వాడి క్షేమం అడుగుతోంది. దాన్ని ఓపిక అనరు, పరిచయం అంటారు.

నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను. జూన్‌లో కొత్త సెక్షన్‌లోకి వెళ్తే ఎనభై మొహాలు, ఒకే రంగు యూనిఫాం. ఎవరూ గుర్తుండరు. దసరా సెలవుల నాటికి, వెనక బెంచీలో ఎవరు తల వంచుకుంటే ఎందుకు వంచుకున్నారో తెలిసిపోతుంది. మధ్యలో నేను చేసిందేమీ లేదు, రోజూ వెళ్ళడం తప్ప. ఈ సినిమా నడిచేది జూన్ నుంచి దసరా దాకా పట్టే ఆ కాలంతోనే. మేనల్లుడు అడిగిన బీజీఎం లేకపోవడం కూడా ఇందులో భాగమే. ఈ సినిమాలో రేడియోలోంచో, స్టేజీ మీంచో తప్ప సంగీతం రాదు. కెమెరా మొహాల దగ్గరికి పెద్దగా వెళ్ళదు, గుమ్మం అవతలో వీధి ఇవతలో నిలబడి చూస్తుంది. ఎవణ్ణి చూసి భయపడాలో, ఎవరి మీద జాలిపడాలో మోగించి చెప్పేది ఏదీ లేదు. క్లాసులోనూ లేదు కదా.

ఇక తమ్ముడు తీసెయ్యమన్న గంట. వాడి లెక్క ఇది: మొదట్లో స్కూల్లో మార్కుల గొడవ తీసెయ్యాలి. ఇంటి సీన్లు సగం తీసెయ్యాలి. తండ్రిని పోలీసులు తీసుకెళ్ళే భాగం మొత్తం తీసెయ్యాలి. “దానికీ పిల్లాడి కథకీ ఏం సంబంధం అక్కా?” అన్నాడు. ఉంచాల్సినవి రెండు ముఠాల గొడవలు, తుఫాను రాత్రి నరుక్కోవడం, ఆ అమ్మాయితో పరిచయం, చివరి హత్య.

తండ్రి గురించి చెప్తాను. 1949లో చైనాలో కమ్యూనిస్టులు గెలిచాక, ఓడిపోయిన ప్రభుత్వంతో పాటు లక్షల మంది తైవాన్ ద్వీపానికి వచ్చేశారు. ఈయన అందులో ఒకడు, ప్రభుత్వోద్యోగి. జపాన్‌వాళ్ళు 1895 నుంచి 1945 దాకా ఆ ద్వీపాన్ని ఏలి, వదిలి వెళ్ళిన ఇళ్ళలో ఒకదానిలో ఉంటున్నారు. జపాన్‌తో ఎనిమిదేళ్ళు యుద్ధం చేసి వచ్చి ఇప్పుడు జపాన్ ఇంట్లో ఉంటూ జపాన్ పాటలు వింటున్నాం అని తల్లి ఒకచోట అంటుంది. దేశమంతా సైనిక చట్టం. అది 1987 జులై దాకా, 38 ఏళ్ళు నడిచింది. పెద్దవాళ్ళకి రేపటి మీద నమ్మకం లేదు, ఆ బెంగలో పెరిగిన పిల్లలు ముఠాలు కట్టారని సినిమా మొదట్లోనే రాసి చూపిస్తారు.

మొదటి సన్నివేశంలో ఆ తండ్రి స్కూలుకి వెళ్ళి కొడుకు మార్కుల గురించి వాదిస్తాడు. చైనీస్ పేపరులో మార్కులు అంత తక్కువ వచ్చే పిల్లాడు కాదంటాడు. వినరు. పిల్లాడు రాత్రి బడికి వెళ్ళాల్సి వస్తుంది. తర్వాత ఇంకో గొడవకి స్కూలువాళ్ళు పిలిపించినప్పుడు కూడా తండ్రి గట్టిగానే మాట్లాడతాడు. ఇంటికి వస్తూ తండ్రీకొడుకులు సైకిళ్ళు నడిపించుకుంటూ నడుస్తారు. నీ కష్టాన్ని నువ్వు నమ్ముకో, నీ భవిష్యత్తు నీ చేతిలో ఉంది అని చెప్తాడు తండ్రి. కొడుకు మొహంలో వెలుగు ఉంటుంది.

ఆ తర్వాత ఎప్పుడో ఒక రాత్రి రహస్య పోలీసులు ఆయన్ని తీసుకెళ్తారు. కొట్టరు. కాగితాలు ఇచ్చి రాయమంటారు. ఎవరు తెలుసు, ఎప్పుడు కలిశావు, ఇంకా రాయి, మళ్ళీ రాయి. మంచుదిమ్మ మీద కూర్చోబెట్టిన ఇంకో మనిషి ఒక్క క్షణం కనిపిస్తాడు. అంతే. ఆయన ఇంటికి తిరిగొస్తాడు, కానీ వచ్చింది వేరే మనిషి. మళ్ళీ స్కూల్లో గొడవ వచ్చినప్పుడు అదే తండ్రి అదే ఆఫీసు గదిలో బతిమాలతాడు. నాలుగోవాడు పక్కనే నిలబడి చూస్తుంటాడు. చూసి చూసి, అక్కడున్న బేస్‌బాల్ బ్యాటు తీసుకుని నెత్తి మీద వేలాడే బల్బుని పగలగొడతాడు. స్కూల్లోంచి తీసేస్తారు. మళ్ళీ సైకిళ్ళు నడిపించుకుంటూ ఇంటికి. ఈసారి తండ్రి చెప్పేది భవిష్యత్తు గురించి కాదు. సిగరెట్లు మానేస్తాను, ఆ డబ్బు మిగిలితే నీకు కళ్ళజోడు వాయిదాల మీద కొనొచ్చు అంటాడు.

ఆ సైకిళ్ళ సన్నివేశం దగ్గర నాకు ఊపిరాడలేదు. ఎందుకో చెప్పాలి.

చాలా ఏళ్ళ క్రితం నేను ఇంకో ఊళ్ళో ఒక ప్రైవేటు కాలేజీలో చేసేదాన్ని. సెకండియర్ కుర్రాడొకడు హాస్టల్లో కొట్లాటలో ఇరుక్కుంటే వాళ్ళ నాన్నని పిలిపించారు. మిర్చి రైతు. పొద్దున బస్సెక్కి వచ్చాడు. ప్రిన్సిపల్ గది బయట చెప్పులు విడిచాడు. విడవమని ఎవరూ అనలేదు, ఆ గదిలోకి అందరం చెప్పులతోనే వెళ్తాం. చేతులు కట్టుకుని, “పిల్లాడండీ, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి సార్, మళ్ళీ ఇలాంటిది చేస్తే నేనే తీసుకుపోతా” అని అదే మాట నాలుగైదుసార్లు అన్నాడు. కూర్చోమనలేదు ఎవరూ. నేను హాజరు పట్టీ పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. పిల్లాడు ప్రిన్సిపల్ని చూడట్లేదు, వాళ్ళ నాన్ననీ చూడట్లేదు. గుమ్మం అవతల ఉన్న ఆ చెప్పుల జత వైపు చూస్తున్నాడు. ఒక చెప్పు వార తెగితే పిన్నీసు పెట్టి ఉంది. ఆ పిల్లాడి చూపు నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా కళ్ళకి కట్టినట్టుంది. టీసీ ఇచ్చి పంపేశారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడి ఉండాల్సింది.

బల్బు పగిలినప్పుడు మా మేనల్లుడు “సూపర్” అన్నాడు. తమ్ముడికీ ఆ సీను నచ్చింది, అది ఉంచాలన్నాడు. కానీ వాడి కత్తెర ప్రకారం దానికి ముందు తండ్రి తలెత్తుకుని మాట్లాడిన సన్నివేశాలు ఉండవు. పోలీసులు ఉండరు. మొదటి సైకిళ్ళ నడక ఉండదు. అవి లేకపోతే బల్బు పగలగొట్టినవాడు ఒట్టి పొగరుబోతు. అవి ఉంటే, ఇంట్లో ఒక్క మనిషిని నమ్ముకున్న పిల్లాడు, ఆ మనిషి కూలిపోవడం కళ్ళారా చూసినవాడు. రెండుసార్లు ఒకే దారిన నడిపించాలంటే మొదటిసారి నడిపించి తీరాలి. ఆ మొదటి నడక జరుగుతున్నప్పుడు దానిలో ఏమీ లేనట్టే ఉంటుంది, ఒప్పుకుంటాను.

పొడవుగా తీసిన ప్రతిదాన్నీ నేను వెనకేసుకురావట్లేదు. చెట్టు వైపు ఐదు నిమిషాలు చూపించి ఊరుకునే సినిమాలున్నాయి. అలాంటప్పుడు నేనూ లేచి వంటింట్లోకి వెళ్తాను. నా కొలత ఒకటే. చూపించినది మళ్ళీ తిరిగొస్తుందా, వచ్చినప్పుడు బరువు పెరిగి వస్తుందా? ఇందులో ఒక టార్చిలైటు ఉంది. స్కూలు పక్కన సినిమా స్టూడియోలోంచి నాలుగోవాడు దొంగిలిస్తాడు. గోడ అలమర అరలో వాడి పడక, అందులో తలుపు మూసుకుని ఆ వెలుగులో డైరీ రాసుకుంటాడు. తుఫాను రాత్రి కరెంటు లేని బిలియర్డ్స్ హాల్లో ముఠాలు కత్తులతో నరుక్కున్నాక, ఆ లైటే శవాల మీద పడుతుంది. చివరి రోజు దాన్ని అదే స్టూడియోలో వదిలేసి వెళ్తాడు. వాడి దగ్గర అప్పుడు కత్తి ఉంది. ఎవరూ టార్చిలైటు గురించి ఒక్క మాట అనరు. వాడు లైటు వదిలేశాడని గమనించి మా మరదలు “అయ్యో” అంది.

ఇప్పుడు అసలు మాట. తెలుగు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి మాటల మీద నాకు పట్టింపు. అమ్మాయిని ఎవడో పొడిచాడనో, నరికాడనో వార్త వస్తే మన పేపర్లలో రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి. హెడ్డింగులో ‘ప్రేమోన్మాది’. లోపల ‘క్షణికావేశం’. కాఫీ తాగుతూ చదివేస్తాం. ఉన్మాది అన్నామంటే వాడు మనలోవాడు కాకుండా పోతాడు. వాడికి ఇల్లు, బడి, మేష్టార్లు ఉండరు. క్షణికావేశం అన్నామంటే ఆ పనికి నిన్న, మొన్న ఉండవు. ఎక్కణ్ణుంచో ఊడిపడిన ఒక నిమిషం, అంతే. ఆ రెండు మాటలూ వేసేశాక మనం ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. నాలాంటి టీచర్ని కూడా ఎవరూ ఏమీ అడగక్కర్లేదు.

మా తమ్ముడు తన లెక్క ప్రకారం మిగిల్చిన సినిమాని ఒకసారి చూడండి. కుర్రాడు, ముఠా, అమ్మాయి, అనుమానం, కత్తి. అది ఆ పేపరు వార్తే. సినిమాకి మూడు గంటల కూర్పు కూడా ఒకటి ఉంది. కానీ 2009లో శ్రద్ధగా బాగుచేసి దాచుకున్నది నాలుగు గంటలదే. ఎందుకో నాకు అర్థమయింది. ఆ నిమిషం నాలుగు గంటల పాటు తయారైంది. క్షణికావేశం అనే మాటని పట్టుకుని, ఆ క్షణం ఎంత పొడుగో విప్పి చూపించడమే ఈ సినిమా చేసిన పని. ల్యాగ్ అని మనం తీసెయ్యాలనుకున్నవే దాని సాక్ష్యాలు. సాక్షుల్ని పంపించేస్తే ఇక కేసు ఏముంటుంది?

ఆ హత్యని కూడా దూరం నుంచే చూపిస్తారు. రద్దీ వీధి, దుకాణాల దీపాలు, అటూ ఇటూ నడిచే జనం. ఇద్దరు పిల్లలు మాట్లాడుకుంటున్నారు, దగ్గరగా నిలబడ్డారు. పక్కనుంచి వెళ్ళేవాళ్ళకి వెంటనే ఏమీ తెలియదు. వాడే నమ్మలేడు, లేవమంటాడు, నీకేం కాదంటాడు. మా ఇంట్లో అప్పుడు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మేనల్లుడి ఫోను ఎప్పుడు పక్కకి వెళ్ళిందో నేను చూడలేదు.

ఇదంతా సాయంత్రం తమ్ముడికి చెప్తుంటే, మేనకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి వింది. అంతసేపూ నోరు విప్పని పిల్ల అప్పుడు అడిగింది.

“అత్తా, వాడికి నాలుగు గంటలు ఇచ్చారు. ఆ అమ్మాయికి ఎంత ఇచ్చారు?”

నేను టీ వడపోస్తున్నాను. ఆపాను.

“నువ్వు చెప్పింది బాగానే ఉంది. వాళ్ళ నాన్న, పోలీసులు, చైనా, జపాను, అన్నీ కలిసి వాణ్ణి అలా చేశాయి. మరి వాళ్ళ నాన్నని పోలీసులు పట్టుకెళ్తే ఈ పిల్ల ఎందుకు చావాలి?”

ఈ ప్రశ్నకి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. తర్వాతి వారం ఒక్కదాన్నే కూర్చుని ఆ అమ్మాయి కోసమే మళ్ళీ చూశాను. ఆమె పేరు మింగ్. తల్లి ఇళ్ళలో పనిచేస్తుంది, ఉబ్బసం. నిలకడగా ఒక ఇల్లు లేదు, ఎక్కడ పని దొరికితే తల్లి వెంట అక్కడికి. అలాంటి పిల్లకి, రేపు ఎవరి గుమ్మంలో నిలబడాల్సి వస్తుందో అన్న లెక్క ఎప్పుడూ ఉంటుంది. చుట్టూ ఉన్న మగపిల్లలందరూ ఆమెని కాపాడాలనుకుంటారు, ముఠా నాయకుడి నుంచి నాలుగోవాడి దాకా. నీకు ఏం కావాలి అని అడిగినవాడు ఒక్కడూ లేడు. చివర్లో నాలుగోవాడు, నీకు నేనొక్కణ్ణే దిక్కు, నిన్ను మారుస్తాను అన్న ధోరణిలో మాట్లాడతాడు. ఆమె మొహమాటం లేకుండా చెప్తుంది. నువ్వూ అందరి లాంటివాడివే, నన్ను మార్చాలనుకుంటున్నావు, నేను ఈ లోకం లాంటిదాన్ని, ఈ లోకం మారదు అంటుంది. ఉన్న నిజం చెప్పింది. దానికి చంపాడు.

కాబట్టి సినిమాకి ఆ అమ్మాయి తెలుసు. ఆమె నోట నిజం పలికించింది. నాలుగోవాడు నేర్చుకున్నది ఎక్కడో కూడా చూపించింది. అందరూ తప్పే, నేనొక్కణ్ణే ఒప్పు, నేను సరిదిద్దాలి అనే పట్టుదల అది. నిజాయితీ అనుకుని ఇంట్లో నేర్చుకున్నాడు, మగతనం అనుకుని వీధిలో నేర్చుకున్నాడు. కారణం చూపించడం సంజాయిషీ ఇవ్వడం కాదని నేను నమ్ముతాను. అయినా మేనకోడలి మాటలో ఉన్న లోటు కాదనలేను. సినిమా పేరులోనూ కుర్రాడే ఉన్నాడు. మేనకోడలికి ఇదంతా ఫోన్ చేసి చెప్తే, “సరే అత్తా, కానీ ఆ పిల్ల వైపు నుంచి ఇంకో నాలుగు గంటలు ఎవరైనా తియ్యాలి” అంది. ఎవరైనా తీస్తే మొదటి వరసలో కూర్చుంటాను.

నాన్న సంగతి చెప్పలేదు. అరగంటకే నిద్రపోయిన నాన్న, మధ్యలో భోజనానికి లేచి, మళ్ళీ కుర్చీలో ఒరిగారు. ఏ కథా ఆయన చూడలేదు.

చివరి సన్నివేశంలో నాలుగోవాడు జైల్లో ఉన్నాడు. ఇంట్లో తల్లి బట్టల పని చూసుకుంటోంది. రేడియోలో కాలేజీ సీట్లు వచ్చిన పిల్లల పేర్లు చదువుతున్నారు, ఒకదాని తర్వాత ఒకటి, ఒకే గొంతుతో. సినిమా మొదట్లోనూ ఇలాగే పేర్లు చదివారు. తల్లి చేతికి కొడుకు స్కూలు యూనిఫాం తగులుతుంది. ఆగిపోతుంది. పేర్లు చదువుతూనే ఉన్నారు.

ఆ చదివే గొంతుకి నాన్నకి మెలకువ వచ్చింది. కాసేపు విన్నారు.

“ఏంటమ్మా అది?”

“రిజల్ట్స్ తాతయ్యా. సీటొచ్చినవాళ్ళ పేర్లు చదువుతున్నారు” అంది మేనకోడలు.

నాన్న కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నారు. తెర మీద చొక్కా పట్టుకుని నిలబడ్డ ఆ తల్లిని చూశారు.

“వీళ్ళ పిల్లాడి పేరు వచ్చిందా?”

ఎవరం మాట్లాడలేదు. చివరికి తమ్ముడే అన్నాడు, “లేదు నాన్నా.”

నాన్న పేపరు మడత సరిచేసుకున్నారు.

“పోనీలే. సెప్టెంబరుకి ఫీజు కట్టమనండి.”